ఆర్వీలో అట్లాంటిక్ తీరం: సెయింట్ ఆగస్టీన్ నుంచి కిట్టీ హాక్ దాకా మూడు వారాల ప్లాన్

ఆర్వీ (వంట, పడక, స్నానం అన్నీ లోపలే ఉండే ఇల్లులాంటి బండి) ట్రిప్ అనగానే అందరం ముందు మ్యాప్ తెరుస్తాం. రోజుకు ఎన్ని మైళ్లు నడపగలమో లెక్క వేస్తాం. అమెరికా ఆగ్నేయ తీరానికి ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ ముందు ఖాయం చేసుకోవాల్సింది రాత్రులు. ఏ రాత్రి బండి ఎక్కడ ఆపుతారో తేలితే రూటు దానంతట అదే తేలుతుంది.

ఇది నేను మొదటి ట్రిప్‌లో నష్టపోయి నేర్చుకున్న సంగతి. రోజుకు 250 మైళ్లు అనుకుని బయల్దేరాం. కోటలు సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో మూసేస్తారు. మేం ప్రతిచోటా గేటు వేసే వేళకే చేరాం. ఒక రాత్రి చీకట్లో క్యాంప్‌గ్రౌండ్‌లోకి వెళ్తుంటే ఓక్ కొమ్మ తగిలి బండి పైన ఏసీ కవర్ పగిలింది. రెండోసారి అదే తీరాన్ని 21 రాత్రులకు పరుచుకుని వెళ్లాం. ఈ ప్లాన్ ఆ రెండో ట్రిప్‌ది.

మొత్తం దారి ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ నుంచి నార్త్ కరోలినాలోని కిట్టీ హాక్ వరకు, రమారమి 750 మైళ్లు. పక్క దారులు, కొనుగోళ్ల తిరుగుడు కలిపితే వెయ్యి మైళ్లు అనుకోండి. పెట్రోల్ బండి గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది కాబట్టి 100 నుంచి 125 గ్యాలన్ల ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి.

దిక్కు, నెల

దక్షిణాన మొదలుపెట్టి ఉత్తరానికి వెళ్లండి. ఏప్రిల్ మొదటి వారంలో ఫ్లోరిడాలో హాయిగా ఉంటుంది, అదే సమయానికి నార్త్ కరోలినా తీరంలోని సన్నని ఇసుకదీవుల వరస అవుటర్ బ్యాంక్స్‌లో చలిగాలి కొడుతుంటుంది. మీరు నెమ్మదిగా పైకి వెళ్లేసరికి అక్కడా వాతావరణం మెత్తబడుతుంది.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ఈ దిక్కులో వెళ్తే చరిత్ర దాదాపు వరసగా వస్తుంది. 1565లో స్పెయిన్ వాళ్లు కట్టిన ఊళ్లో మొదలై, 1733 నాటి సవానా, 1861 నాటి ఫోర్ట్ సమ్టర్ దాటి, 1903లో రైట్ సోదరులు ఎగిరిన ఇసుక నేల మీద ట్రిప్ ముగుస్తుంది. పిల్లలకు తేదీలు బట్టీ పట్టించక్కర్లేదు, రోడ్డే చెబుతుంది.

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆ ఆరు నెలల్లో, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో, ఈ ట్రిప్ పెట్టుకోకండి. మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండగకు సవానాలో విపరీతమైన రద్దీ ఉంటుంది. ఈస్టర్ సెలవుల్లోనూ బీచ్ క్యాంప్‌గ్రౌండ్లు నిండిపోతాయి. మీ తేదీలు ఆ రెండింటినీ తప్పించేలా చూసుకోండి.

బండి సైజు

ఇద్దరే అయితే క్లాస్ బీ (వ్యాన్‌లోనే అమర్చిన చిన్న ఆర్వీ) చాలు. నలుగురు ఉంటే 25 అడుగుల క్లాస్ సీ (ట్రక్కు చాసీ మీద కట్టిన ఆర్వీ) తీసుకోండి. అద్దెకిచ్చే చోట ఇంకాస్త డబ్బు పెడితే 30 అడుగులది వస్తుందని చెబుతారు. ఈ తీరానికి నేనైతే వద్దంటాను. ఇక్కడి స్టేట్ పార్కులు చాలావరకు పాత ఓక్ చెట్ల మధ్య ఉంటాయి. సైట్లు (బండి నిలిపే చోట్లు) పొట్టివి, మలుపులు ఇరుకు, కొమ్మలు కిందికి వంగి ఉంటాయి. బుకింగ్ పేజీలో ప్రతి సైట్‌కూ గరిష్ఠ పొడవు రాసి ఉంటుంది. మీ బండి పొడవు అంతకంటే రెండు మూడడుగులు తక్కువ ఉండేలా సైట్ ఎంచుకోండి.

బండి ఎత్తు కాగితం మీద పెద్ద అంకెలతో రాసి స్టీరింగ్ ముందు అంటించండి. క్లాస్ సీ ఎత్తు దాదాపు 12 అడుగులు ఉంటుంది. బ్యాంకు, ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్‌త్రూల కప్పులు అంత ఎత్తున ఉండవు. అలవాటుగా కారులా లోపలికి పోనిస్తే బండి పైభాగం దెబ్బతింటుంది.

జాక్సన్‌విల్‌లోనో ఒర్లాండోలోనో బండి తీసుకుని ఉత్తరాన వదిలేస్తే వన్‌వే చార్జీ పడుతుంది. దాన్ని, వెనక్కి రెండు రోజులు ఐ-95 హైవే మీద నడిపే ఖర్చుతో పోల్చి చూడండి. అద్దె కాంట్రాక్టులో మైళ్ల పరిమితి, జనరేటర్ గంటల చార్జీ, పైకప్పు దెబ్బలకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా అన్న మూడు విషయాలు సంతకానికి ముందే చదవండి. మూడోది చాలా పాలసీల్లో ఉండదు.

రాత్రులు పంచడం

మా పంపకం ఇది: సెయింట్ ఆగస్టీన్‌లో 4, జెకిల్ ఐలండ్‌లో 3, సవానాలో 3, హంటింగ్ ఐలండ్‌లో 2, చార్ల్‌స్టన్‌లో 3, విల్మింగ్టన్ దగ్గర 1, నార్త్ కరోలినా బోఫోర్ట్ దగ్గర 1, ఓక్రకోక్‌లో 2, ఓరెగాన్ ఇన్‌లెట్‌లో 2. చార్ల్‌స్టన్ నుంచి విల్మింగ్టన్ దాకా ఉన్న 170 మైళ్లు తప్ప ఏ రోజూ వంద మైళ్లకు మించి పెద్దగా నడపక్కర్లేదు. ఆర్వీలో సగటు వేగం గంటకు 45 మైళ్లు అనుకోండి. ఫోన్ రెండు గంటలు చూపిస్తే మూడు వేసుకోండి.

బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో ఒక్కో చోట ఒక్కో లెక్క. ఫ్లోరిడా స్టేట్ పార్కుల్లో ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు 11 నెలల ముందు, బయటివాళ్లకు 10 నెలల ముందు తెరుస్తారు. జార్జియా స్టేట్ పార్కుల్లో 13 నెలల ముందు. కేప్ హ్యాటెరస్ దగ్గరి నేషనల్ పార్క్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండ్లకు 6 నెలల ముందు. అంటే మీ క్యాలెండర్‌లో కనీసం మూడు వేరువేరు అలారాలు ఉండాలి. అన్నిటికంటే కష్టంగా దొరికేది సెయింట్ ఆగస్టీన్‌లోని అనస్టేషియా స్టేట్ పార్క్. అది దొరికిన తేదీ నుంచే మిగతా ట్రిప్ లెక్క మొదలుపెట్టండి. వారాంతం దొరక్కపోతే ఆదివారం చేరి గురువారం బయల్దేరేలా చూడండి. అప్పటికీ దొరక్కపోతే రద్దయిన సైట్ల కోసం రోజూ పొద్దున ఒకసారి చూస్తూ ఉండండి. మాకు అలాగే దొరికింది.

పాత ఊళ్లలోకి బండి తీసుకెళ్లకండి

సెయింట్ ఆగస్టీన్, సవానా, చార్ల్‌స్టన్ ఊళ్ల నడిబొడ్డు వీధులు గుర్రబ్బండ్ల కాలంనాటివి. 25 అడుగుల బండితో అక్కడ మలుపు తిరగడమే టెన్షన్, పార్కింగ్ ఇంకా కష్టం. క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) పెట్టేసి ఊళ్లోకి ట్యాక్సీలోనో సైకిళ్ల మీదనో వెళ్లండి. చార్ల్‌స్టన్‌లో మూడు రోజులకు చిన్న కారు అద్దెకు తీసుకోవడం మంచిది. ఆ ఖర్చు చూసి వెనకాడకండి. ఆర్వీని మీ ఇల్లు అనుకోండి, ఇంటిని వెంటేసుకుని ఎవరూ బజారుకు వెళ్లరు.

ఎక్కడ ఎంతసేపు

సెయింట్ ఆగస్టీన్‌కు నాలుగు రాత్రులు ఎందుకని అడుగుతారు. యూరోపియన్లు స్థాపించి, అప్పట్నుంచి జనం ఎడతెగకుండా ఉంటున్న ఊళ్లలో అమెరికా ప్రధాన భూభాగంలో ఇదే పాతది. ఇక్కడి కస్తీయో దె సాన్ మార్కోస్ కోటను 1672లో మొదలుపెట్టి 1695లో పూర్తి చేశారు. కట్టిన రాయి పేరు కొకీనా, కోటానుకోట్ల చిన్న గవ్వలు కలిసి గట్టిపడిన రాయి. 1702లో కరోలినా నుంచి వచ్చిన ఇంగ్లిష్ సైన్యం ఊరిని తగలబెట్టి, దాదాపు రెండు నెలలు కోటను ముట్టడించింది. దాదాపు 1,500 మంది లోపల తలదాచుకున్నారు. ఫిరంగి గుండు తగిలితే ఈ రాయి పగలదు, గుండును లోపలికి మింగేస్తుంది. కోట పడలేదు. ఆ రాయి తవ్విన పాత క్వారీ మీరు దిగిన అనస్టేషియా పార్కులోనే ఉంది. ముందు క్వారీ చూడండి, మర్నాడు కోటకు వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టండి. ఈ వరస తప్పకండి.

కోటకు రెండు మైళ్లు ఉత్తరాన ఫోర్ట్ మోసే ఉంది. కరోలినా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు స్పెయిన్ గవర్నర్ 1738లో ఇచ్చిన చోటు అది. స్వేచ్ఛ పొందిన నల్లజాతి వాళ్లు, ఫ్రాన్సిస్కో మెనెండెజ్ నాయకత్వంలో, ఆ కోటకు తామే కాపలా కాశారు. ఇప్పుడు దాని చుట్టూ ఎక్కువగా కనిపించేది ఉప్పునీటి బురదనేల, గడ్డి, ఆకాశం. చాలామంది దీన్ని వదిలేసి వెళ్తారు. మీరు వదలకండి, ఒక పూట ఇవ్వండి. ఇక్కడ్నుంచి నార్త్ కరోలినాలోని పెండర్ కౌంటీ దాకా మీరు నడిపేదంతా గల్లా గీచీ సాంస్కృతిక కారిడార్. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి తమ భాషను, అల్లికను, వ్యవసాయాన్ని నిలుపుకున్న తీరం అది. 2006లో అమెరికా కాంగ్రెస్ దానికి గుర్తింపు ఇచ్చింది. ఫోర్ట్ మోసే చూసి బయల్దేరితే ఆ తర్వాత వచ్చే ఊళ్లు వేరుగా కనిపిస్తాయి.

జెకిల్ ఐలండ్‌లో సైకిళ్లు తీయండి. ద్వీపం అంతా చదును, సైకిల్ దారులు బాగుంటాయి. లోపలికి రావడానికి బండికి పార్కింగ్ రుసుము కట్టాలి. 1743 నాటి హోర్టన్ ఇంటి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిని ట్యాబీతో కట్టారు. ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నం, ఇసుక, నీళ్లు, మళ్లీ ఆల్చిప్పలు కలిపితే వచ్చేదే ట్యాబీ. 1858లో, బానిసల దిగుమతి నిషేధించి యాభై ఏళ్లయ్యాక కూడా, వాండరర్ అనే ఓడ 400 మందికి పైగా ఆఫ్రికన్లను ఈ ద్వీపంలోనే దొంగతనంగా దించింది. దాని జ్ఞాపకంగా నడకదారి ఉంది, పిల్లలతో నెమ్మదిగా నడవండి.

సవానాకు స్కిడవే ఐలండ్ స్టేట్ పార్కులో దిగండి. ఒక రోజు ఊళ్లోని 22 చౌకాల (చెట్లున్న చిన్న పార్కుల్లాంటి కూడళ్లు) నీడలో నడకకు, ఒక రోజు ఫోర్ట్ పులాస్కీకి. కొకీనా గోడ ఇప్పటికే చూశారు కదా, ఇక్కడ ఇటుక గోడ చూడండి. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 ఏప్రిల్ 10, 11 తేదీల్లో కొత్త రకం రైఫిల్డ్ (గొట్టం లోపల మెలికల గాట్లున్న) ఫిరంగులు ఇటుక గోడను 30 గంటల్లో బద్దలు కొట్టాయి. దాంతో ఇటుక కోటల కాలమే అయిపోయింది. కొన్ని గుండ్లు ఇప్పటికీ గోడలో ఇరుక్కుని ఉన్నాయి. అక్కడికి, పక్కనే ఉన్న టైబీ ఐలండ్‌కు వెళ్లేది యూఎస్ 80 రోడ్డు ఒక్కటే. పెద్ద పోటు వచ్చినప్పుడు, ముఖ్యంగా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో గాలి కూడా తోడైతే, ఆ రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. పోటు వేళలు చూసుకునే బయల్దేరండి. ఉప్పునీళ్లలోంచి బండి నడపకండి.

సవానా నుంచి హంటింగ్ ఐలండ్ వెళ్లేటప్పుడు జీపీఎస్‌లో ఊరి పేరుతో పాటు రాష్ట్రం పేరు తప్పక కొట్టండి. ఈ దారిలో రెండు ఊళ్ల స్పెల్లింగ్ ఒకటే. సౌత్ కరోలినాలోనిది బ్యూఫర్ట్, నార్త్ కరోలినాలోనిది బోఫోర్ట్. తప్పు ఊరు ఎంచుకుంటే వందల మైళ్ల తేడా.

బ్యూఫర్ట్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి రాబర్ట్ స్మాల్స్. 1839లో ఇక్కడే బానిసగా పుట్టాడు. 1862 మే 13న, తెల్లవారకముందే, చార్ల్‌స్టన్ రేవులో కాన్ఫెడరేట్ల (విడిపోయిన దక్షిణ రాష్ట్రాల) ఓడ ప్లాంటర్‌ను తన కుటుంబంతో, తోటివాళ్లతో సహా నడుపుకుంటూ, కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఫోర్ట్ సమ్టర్ ముందు నుంచే దాటించి యూనియన్ (ఉత్తర రాష్ట్రాల) నౌకాదళానికి అప్పగించాడు. తర్వాత తనను బానిసగా ఉంచిన యజమాని ఇంటినే కొన్నాడు, కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. ఆ ఇల్లు బయటి నుంచి చూడొచ్చు. పక్కన సెయింట్ హెలెనా ఐలండ్ మీద పెన్ సెంటర్ ఉంది. విముక్తులైన వాళ్ల కోసం 1862లో మొదలైన బడి అది. రెండు రోజుల తర్వాత చార్ల్‌స్టన్‌లో పడవెక్కి ఫోర్ట్ సమ్టర్ వెళ్తారు. స్మాల్స్ కథ ముందే తెలిసి వెళ్తే ఆ నీళ్లను చూసే చూపే మారిపోతుంది.

చార్ల్‌స్టన్‌లో జేమ్స్ ఐలండ్ కౌంటీ పార్కు క్యాంప్‌గ్రౌండ్ బాగుంటుంది. పూర్తి హుకప్‌లు ఉన్న సైట్లు దొరుకుతాయి కాబట్టి బట్టలు ఉతుక్కోవడం, ట్యాంకులు ఖాళీ చేయడం ఇక్కడే పెట్టుకోండి. ఫోర్ట్ సమ్టర్ పడవ టికెట్ ముందే కొనండి, పొద్దున మొదటి పడవ ఎండకు మంచిది. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున ఈ కోట మీద పడిన గుళ్లతోనే అంతర్యుద్ధం మొదలైంది. మర్నాడు ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చూడండి. 2023లో తెరిచారు. బానిసలను దించిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే కట్టారు.

ఆ తర్వాత యూఎస్ 17 మీద పోతూ ఉండండి. విల్మింగ్టన్ దగ్గర ఫోర్ట్ ఫిషర్, బోఫోర్ట్ దగ్గర ఫోర్ట్ మేకన్ చెరొక పూట చాలు.

ఫెర్రీ, హుకప్ లేని రాత్రులు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. సెడార్ ఐలండ్ నుంచి ఓక్రకోక్ ద్వీపానికి ఫెర్రీ (బండ్లను కూడా ఎక్కించుకునే పడవ) ప్రయాణం దాదాపు రెండుంపావు గంటలు. చార్జీ బండి పొడవును బట్టి ఉంటుంది, సీటు ముందే రిజర్వ్ చేసుకోవచ్చు. చేసుకోండి. వెనక కట్టిన సైకిల్ స్టాండును కూడా పొడవులో కలిపి చెప్పండి. అరగంట ముందే రేవుకు చేరండి. ఎక్కే ముందు ప్రొపేన్ సిలిండర్ వాల్వు కట్టేయండి, ఫ్రిజ్ తలుపు లాక్ చేయండి. ఓక్రకోక్ నుంచి హ్యాటెరస్‌కు వెళ్లే ఫెర్రీకి మాత్రం వరసలో ముందొచ్చినవాళ్లకే చోటు. అక్కడ గంటన్నర అదనంగా వేసుకోండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోతాయి. అందుకే ఓక్రకోక్ రెండు రాత్రుల తర్వాత ఎప్పుడూ ఒక వదులు రోజు ఉంచుకోవాలి.

ఓక్రకోక్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు హుకప్‌లు ఉంటాయని అనుకోకండి. బోఫోర్ట్‌లో బయల్దేరే ముందు మంచినీళ్ల ట్యాంక్ నింపండి, మురుగు ట్యాంకులు రెండూ ఖాళీ చేయండి, బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయిందో లేదో చూడండి. జనరేటర్ అనుమతించిన గంటల్లోనే వేయాలి. స్నానం ఐదు నిమిషాల్లో ముగిస్తే రెండు రోజులకు నీళ్లు సరిపోతాయి. దోమతెరలకు చిల్లులుంటే ముందే టేపు అంటించండి, సాయంత్రం కనిపించని చిన్న పురుగులు కుడతాయి.

ట్యాంకుల విషయంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. హుకప్ ఉన్నచోట బ్లాక్ ట్యాంక్ (టాయ్‌లెట్ మురుగుది) వాల్వు తెరిచి ఉంచేస్తారు. నీళ్లు పోయి గట్టిది లోపల పేరుకుపోతుంది. వాల్వు మూసే ఉంచండి, మూడింట రెండు వంతులు నిండాక తెరవండి. ముందు బ్లాక్, తర్వాత గ్రే (స్నానం, సింకు నీళ్లది). సబ్బునీళ్లు పైపును కడిగేస్తాయి. ఇంకోటి, 30 ఆంప్ కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ స్టవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. వంటప్పుడు పది నిమిషాలు ఏసీ ఆపండి.

నార్త్ కరోలినా 12 రోడ్డు సన్నని ఇసుకదిబ్బ మీద పోతుంది. అలలు పోటెత్తితే ఇసుక, నీళ్లు రోడ్డు మీదికొస్తాయి. బయల్దేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. గంటకు 40 మైళ్ల ఈదురుగాలులు అంటే ఎత్తైన వంతెనల మీదికి ఎక్కకండి. ఆర్వీ పక్కభాగం తెరచాపలాంటిది, ఒక పూట ఆగితే పోయేదేం లేదు.

హ్యాటెరస్ లైట్‌హౌస్ దగ్గర బండి ఆపండి. 1870లో కట్టినప్పుడు సముద్రం 1,500 అడుగుల దూరంలో ఉండేది. సముద్రం మెల్లగా దగ్గరికొచ్చింది. 1999లో ఆ మొత్తం స్తంభాన్ని పట్టాల మీద 2,900 అడుగులు జరిపారు, 23 రోజులు పట్టింది. పాత స్థానం నుంచి కొత్త స్థానం దాకా నడిచి చూడండి. పైకి ఎక్కనిస్తున్నారో లేదో ఆ వారం చూసుకుని వెళ్లండి, మరమ్మతులు ఉన్నప్పుడు మూసేస్తారు.

చివరి రోజు

ఓరెగాన్ ఇన్‌లెట్ నుంచి పొద్దున్నే బయల్దేరి ట్యాంకులు ఖాళీ చేసుకోండి. అద్దె బండిని నిండు ట్యాంకులతో అప్పగిస్తే వేరే చార్జీ వేస్తారు. తర్వాత కిట్టీ హాక్ పక్కనే ఉన్న కిల్ డెవిల్ హిల్స్‌లోని రైట్ బ్రదర్స్ మెమోరియల్. ఇక్కడ ఆర్వీలకు పార్కింగ్ సులువు. 1903 డిసెంబర్ 17న నాలుగుసార్లు ఎగిరారు, ఒక్కోటి ఎక్కడ దిగిందో అక్కడ రాయి పాతారు. మొదటిది 12 సెకన్లు, 120 అడుగులు. అంటే మీ బండి పొడవుకు ఐదింతలు కూడా లేదు. పిల్లలు పరుగెత్తి ఆ రాయిని దాటేస్తారు. నాలుగోది 852 అడుగులు. అక్కడిదాకా వాళ్లతో పాటు మీరూ నడవండి, ఆ తర్వాత తాళాలు తీసి బండిని వెనక్కి తిప్పండి.